వెనక పిల్లరులో ఉప్పు

చిరంజీవి చింతాకుకి,

మామయ్య దీవించి రాసేది. ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం ఆనవాయితీ కాబట్టి పెట్టాను గానీ, క్షేమం లేదు, పాడూ లేదు.

ఫోన్ చెయ్యక ఈ ఉత్తరమేమిటా అనుకుంటావేమో. నా గొంతు సంగతి నీకు తెలియనిదేముంది? నలభై ఏళ్ళు కాంక్రీటు కలిపే మిల్లరు పక్కన నిలబడి కూలీలకి పని చెప్పిన గొంతు. నేను ఫోన్‌లో గుసగుసలాడినా పై రెండంతస్తులూ వింటాయి. "మీకు ఫోనెందుకండీ బిల్లు దండగ, కిటికీ తీసి అరవండి" అంటుంది మీ అత్తయ్య. ఈ విషయం పైవాళ్ళ చెవిన పడకూడదు. అందుకే ఉత్తరం.

మా వంటింటి వెనక వసారాలో పిల్లరు గుర్తుందా? సెలవులకి వచ్చినప్పుడల్లా నిన్ను దానికి ఆనించి నిలబెట్టి ఎత్తు గీత గీసేవాణ్ణి. ఆ పిల్లరుకి అడుగునుంచి మోకాలి ఎత్తుదాకా నిలువుగా పగులొచ్చింది. పగుల్లోంచి ఎర్రగా తుప్పునీరు కారి మరక కట్టింది. పూలకుండీ అడ్డం పెట్టి నెల్లాళ్ళు నెట్టుకొచ్చాను. పై అంతస్తు హెడ్మాస్టారివి కళ్ళా, భూతద్దాలా? పట్టేశాడు.

మొన్న ఆరు వాటాల వాళ్ళం మీటింగు పెట్టుకున్నాం. "ఇది సముద్రపు ఇసుకతో కట్టిన బిల్డింగు. ఇసుకలో ఉప్పు ఇప్పుడు లోపలి ఇనప ఊచల్ని తింటోంది. ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగక తప్పదు" అన్నాడాయన, సరిగ్గా నా మొహంలోకే చూస్తూ. అమ్మాయీ, ముప్పై ఒక్కేళ్ళ క్రితం ఈ బిల్డింగు కట్టింది నేను. కట్టి, కిందివాటా కొనుక్కుని, ఇందులోనే ఉంటున్నాను. కాఫీ గ్లాసు పెట్టే బల్లకి కూడా మట్టం పెట్టి చూస్తానని లోకమంతా నన్ను మట్టం మేస్త్రి అంటుంది. గేటు పక్క గోడలో "మట్టం మేస్త్రి కట్టినది" అని రాయి కూడా ఉంది. నేనడిగి పెట్టించుకున్నది కాదు, వాళ్ళే ముచ్చటపడి పెట్టారు. ఇప్పుడు పరీక్షలో ఉప్పిసుక అని తేలితే అందరూ ఖాళీ చేసి బిల్డింగు పడగొట్టాలట. దానికంటే ముందు ఆ రాయి పీకించెయ్యాలట.

పరీక్షకి మీ ల్యాబునే పిలిచారు. నువ్వు మీ వాళ్ళకి ఒక్క మాట చెప్పు తల్లీ. తప్పు రాయమనడం లేదు. మంచిగా రాయమంటున్నాను.

ఇట్లు,
నీ మామయ్య

తా.క.: నీకు గొంతునొప్పి అని మీ అమ్మ చెప్పింది. గోరువెచ్చటి ఉప్పునీళ్ళు పుక్కిలించు. డాక్టరు చెప్పిన నాటినుంచీ ముప్పై ఏళ్ళుగా రోజూ పొద్దున్నే పెద్ద గ్లాసుడు పుక్కిలిస్తున్నాను, నా గొంతు చూడు ఎలా ఉందో. ఈ ఉత్తరం మీ అత్తయ్యే పోస్టులో వేస్తోంది. భయం లేదు, కవరు గట్టిగా అంటించాను.

~

పూజ్యులైన మామయ్యకి,

నీ మేనకోడలు నమస్కరించి రాసేది.

నీ ఉత్తరం చదివి నాకు చెమటలు పట్టాయి. మంచిగా రాయడం, చెడ్డగా రాయడం అని ఉండవు మామయ్యా. ఉన్నది రాయడమే. మన చుట్టరికం దాచకూడదని మా పెద్దసారుకి చెప్పేశాను. ఆయన నవ్వి, "నువ్వు వెళ్ళి పిల్లరులోంచి పొడి తీసుకురా, సీసాల మీద నంబర్లు మాత్రమే వేస్తాం, పరీక్ష వేరేవాళ్ళు చేస్తారు. నీ మామయ్య ఇసుకో నా మామయ్య ఇసుకో వాళ్ళకి తెలియదు" అన్నారు. కాబట్టి నా చేతిలో ఏమీ లేదు.

సంగతేమిటో చెబుతాను, కంగారుపడకుండా విను. మంచి కాంక్రీటులో ఉన్న ఊచకి తుప్పు పట్టదు. సిమెంటు దానిచుట్టూ పల్చటి పొరలా కాపలా ఉంటుంది. ఉప్పు ఊచదాకా చేరిందంటే ఆ పొర చిరుగుతుంది, తుప్పు మొదలవుతుంది. తుప్పు పట్టిన ఊచ ఉబ్బుతుంది, ఉబ్బి కాంక్రీటుని పగలగొడుతుంది. నీ పిల్లరులో జరిగింది అదే కావచ్చు.

సోమవారం వస్తాం. పిల్లరుని కొంచెం తడిపి, ఒక వైరు లోపలి ఊచకి తగిలించి, రెండో కొసన ఉన్న గొట్టాన్ని పిల్లరు మీద అక్కడక్కడా ఆనించి, మీటరులో అంకెలు రాసుకుంటాం. షాకు కొట్టదు. తర్వాత చిన్న చిన్న కన్నాలు వేసి పొడి తీస్తాం. దయచేసి నన్ను చూసి "మా చింతాకు వచ్చిందోయ్" అని అరవకు.

నమస్కారాలతో,
నీ మేనకోడలు

తా.క.: నా గొంతునొప్పి కాంక్రీటు దుమ్ము వల్ల వచ్చింది. ఉప్పునీళ్ళు ఒక్కరోజు పుక్కిలించాను, కడుపులో తిప్పింది. ముప్పై ఏళ్ళు ఎలా చేశావో, నీకు దణ్ణం పెట్టాలి.

~

చిరంజీవి చింతాకుకి,

మామయ్య ఆనందంగా దీవించి రాసేది.

నువ్వొచ్చినా పరాయిదానిలా కాఫీ కూడా ముట్టలేదు. నేనూ పరాయివాడిలాగే ఉన్నాను. "ఎవరమ్మా మీరు, ఎక్కడినుంచి?" అని కూడా అడిగాను. హెడ్మాస్టారికి అనుమానం రాలేదు. మీ అత్తయ్య మాత్రం అదేమిటో పైటచెంగు నోట్లో కుక్కుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇక అసలు మాట. నువ్వు మీటరు సర్దుకుంటుంటే నీ కాగితం మీద ఓ కన్ను వేశాను. నన్ను క్షమించు, ఆగలేకపోయాను. మిగతా పదకొండు పిల్లర్లకీ మైనస్ నూట ఇరవై, మైనస్ నూట నలభై. మన వెనక పిల్లరుకి మైనస్ నాలుగు వందల ముప్పై! అన్నిటికంటే పెద్ద మైనస్! నాకు కళ్ళమ్మట నీళ్ళు తిరిగాయి. డాక్టరు దగ్గర మైనస్ అంటే రోగం లేనట్టే కదా. మామూలు మైనస్సే శుభవార్తయితే నాలుగు వందల ముప్పై మైనస్ అంటే ఇంకేం కావాలి?

మీ వ్యాను వీధి దాటగానే మెట్లమీద నిలబడి ఆరు వాటాలకీ వినపడేలా చెప్పాను. అంటే మామూలుగా చెప్పాను, వినపడింది. మీరు కన్నాలు వేస్తుండగానే మీ అత్తయ్యచేత చేయించిన మిఠాయి ఉండలు ఇంటింటికీ పంచాను. హెడ్మాస్టారు రెండు ఉండలు తిని, మూడోది జేబులో వేసుకున్నాడు. "సరే మేస్త్రీ, పొరపాటు పడ్డానేమో" అన్నాడు. ఆ మాట కోసం నెల్లాళ్ళుగా సరిగా అన్నం తినలేదంటే నమ్ము.

రిపోర్టు తొందరగా పంపించు. ఫ్రేము కట్టించి గేటు రాయి కింద పెడతాను.

ఇట్లు,
గుండె కుదుటపడిన నీ మామయ్య

తా.క.: ఉప్పునీళ్ళు ఒక్కరోజుకే మానేస్తావా? పట్టుదల ఉండాలి. నేను రోజూ వెనక వసారాలో నిలబడి గులగుల చప్పుడు వంటింటిదాకా వినపడేలా పుక్కిలించి, శుభ్రంగా తూములో ఉమ్ముతాను. ఎక్కడపడితే అక్కడ ఉమ్మే అలవాటు మన వంశంలో లేదు.

~

పూజ్యులైన మామయ్యకి,

నమస్కారం. ముందు కూర్చో. కూర్చుని చదువు.

ఇది డాక్టరు మైనస్ కాదు మామయ్యా. చలిప్రదేశాల్లో సున్నాకి కిందకి పోయేకొద్దీ చలెక్కువ అంటారు కదా, అలాంటిది. మా మీటరులో అంకె ఎంత కిందకి దిగితే ఊచకి అంత ముప్పు. మైనస్ మూడు వందల యాభై దాటితే పదింట తొమ్మిది వంతులు తుప్పు నడుస్తున్నట్టే లెక్క. మిగతా పదకొండు పిల్లర్లూ నిక్షేపంలా ఉన్నాయి. వెనక పిల్లరులో మాత్రం తుప్పు నడుస్తోంది. మిఠాయి పంచినదానికి నేనేం చెయ్యను? దయచేసి ఇంకేమీ పంచకు.

కానీ ధైర్యంగా ఉండు. తుప్పు ఉందని మాత్రమే తేలింది. ఉప్పు ఎక్కణ్ణించి వచ్చిందో తేలలేదు. దానికే పొడి తీసింది. పైనుంచి లోపలికి ఒక్కో సెంటీమీటరు పొడినీ విడివిడిగా సీసాల్లో పట్టాను, చూశావుగా. సిల్వర్ నైట్రేటు అనే మందు చుక్కలు వేస్తే, ఉప్పున్న నీరు పాలలా తెల్లబడుతుంది. అలా ఏ లోతున ఎంత ఉప్పుందో కొలుస్తారు. ఇసుకలోనే ఉప్పుంటే పిల్లరంతా పైనా లోపలా ఒకేలా ఉంటుంది. బయటినుంచి వచ్చిన ఉప్పయితే పైన ఎక్కువ ఉండి, లోపలికి పోయేకొద్దీ తగ్గిపోతుంది. నీ పరువంతా ఇప్పుడు ఆ ఐదు సీసాల్లో ఉంది.

మూడు వారాల్లో రిపోర్టు వస్తుంది. అంతవరకూ మెట్లమీద ఏమీ చెప్పకు.

నమస్కారాలతో,
నీ మేనకోడలు

తా.క.: అత్తయ్య నాకూ ఒక ఉండ పొట్లం కట్టి వ్యానులో పడేసింది. బాగుంది. తిన్నాక తెలిసింది దేనికి పంచారో.

~

చిరంజీవి చింతాకుకి,

మామయ్య దీవించి, వణుకుతూ రాసేది.

నా గుండెల్లో రాయి పడింది. కాదు, లారీడు కంకర పడింది. హెడ్మాస్టారు ఎవర్నో కనుక్కున్నాడు. మైనస్ అంటే ఏమిటో తెలుసుకుని మెట్లమీద నన్నాపి, "మేస్త్రీ, ఆ రెండు ఉండలూ అరగలేదయ్యా" అన్నాడు. మూడోది కాగితంలో చుట్టి తిరిగిచ్చేశాడు. పైవాటాల ఆడవాళ్ళు పిల్లల్ని మా వసారాలోకి రానివ్వడం లేదు. పిల్లరు మీద పడుతుందట.

ఆ రోజుల్లో ఓసారి ఏటికి వరదొచ్చి ఇసుక లారీలు ఆగిపోయాయి. "సముద్రపు ఇసుక పోసెయ్, ఎవడు చూడొచ్చాడు" అన్నాడు కాంట్రాక్టరు. నేను పొయ్యనన్నాను. పదకొండు రోజులు పని ఆపేశాను. అది తెలిసే, వాటాదార్లు గేటు దగ్గర ఆ రాయి పెట్టించారు. అలాంటివాణ్ణి ఇవాళ ఉప్పు దొంగ అంటున్నారు.

కానీ అమ్మాయీ, నీకొక్కదానికే చెబుతున్నాను. నా కడుపులో ఒక భయం ఉంది. పన్నెండు పిల్లర్లలో పదకొండు పోస్తున్నప్పుడు నేను దగ్గరున్నాను. ఆ వెనక పిల్లరు పోసేరోజు మధ్యాహ్నం ఎవరో సైకిలు మీద వచ్చి, "మేస్త్రీ, మీ చెల్లెలు ప్రసవించింది, ఆడపిల్ల" అన్నారు. తాపీ అక్కడే పడేసి పరుగెత్తాను. నువ్వు గుప్పెడంత, చింతాకంత ఉన్నావు. సాయంత్రందాకా నిన్ను చేతుల్లోంచి దింపలేదు. తిరిగొచ్చేసరికి పిల్లరు పోసేశారు. ఆ ఒక్క పూట వాళ్ళు ఏ ఇసుక కలిపారో నాకు తెలియదు. ఈ ముప్పై ఒక్కేళ్ళలో ఎప్పుడూ అనుమానం రాలేదు. ఇప్పుడు ఆ పిల్లరు వంక చూడాలంటే భయమేస్తోంది.

వెళ్ళినందుకు విచారం లేదు. ఎలా ఉంటుంది? కానీ ఆ ఇసుక సంగతి ముందే తేల్చి చెప్పు తల్లీ, ఈ మూడు వారాలు నేను బతికుండలేను.

ఇట్లు,
నీ మామయ్య

తా.క.: దిగులుతో గొంతు కూడా బొంగురుపోయింది. మీ అత్తయ్య మొదట్లో గ్లాసుకి ఒక చెంచా ఉప్పు వేసేది. ఎప్పట్నుంచో మూడు చెంచాలు వేస్తోంది. అడుగున ఒక్క పలుకు కూడా మిగలకూడదని ఆర్డరు. అంతా కరిగేదాకా కలపలేక చెయ్యి పడిపోతోంది.

~

పూజ్యులైన మామయ్యకి,

నమస్కారం.

నువ్వు రాసింది చదివి ఆఫీసులోనే ఏడ్చేశాను. నా పుట్టుక వల్ల నీ పేరు పోతుందా అని నాకూ భయం పట్టుకుంది. మూడు వారాలూ నేనూ సరిగా తినలేదు.

ఇవాళ అంకెలు వచ్చాయి. సీసా నంబర్లు విప్పాక పెద్దసారే నన్ను పిలిచి చూపించారు. పైన సెంటీమీటరులో ఉప్పు విపరీతంగా ఉంది. రెండో దాంట్లో సగం, మూడో దాంట్లో పావు వంతు, నాలుగో దాంట్లో ఊచ ఉన్నచోట తుప్పు పట్టడానికి సరిపడా ఉంది, ఐదో దాంట్లో దాదాపు సున్నా. అంటే ఇసుకలో ఉప్పు లేదు మామయ్యా! నువ్వు లేని ఆ పూట కూడా నీ మనుషులు ఏటి ఇసుకే పోశారు. ఉప్పు బయటినుంచి వచ్చింది.

ఇంతటితో అయిపోతే నేనే మిఠాయి పంచేదాన్ని. బయటినుంచి అంటే ఎక్కణ్ణించి? సముద్రపు గాలి అయితే పన్నెండు పిల్లర్లకీ తగలాలి. ఇది ఒక్క పిల్లరుకే ఉంది, అదీ మోకాలి కిందే ఉంది, అదీ ఒక్క వైపే ఉంది. వంటింటి కిటికీకి ఎదురుగా ఉన్న వైపు శుభ్రంగా ఉంది. కిటికీకి కనపడని వైపు మాత్రమే ఉప్పు. పెద్దసారు బుర్ర గోక్కుంటున్నారు. "మన ల్యాబులో దిమ్మల మీద ఉప్పునీళ్ళు పొయ్యడం, ఎండబెట్టడం, మళ్ళీ పొయ్యడం, ఇలా రెండేళ్ళు చేస్తాం. ఈ పిల్లరుకి ఎవరో ముప్పై ఏళ్ళు ఒక్కరోజు కూడా మానకుండా అదే పరీక్ష చేసినట్టుంది" అన్నారు.

మామయ్యా, గులగుల చేశాక తూములోనే ఉమ్ముతానని రాశావు. ఆ తూము పిల్లరుకి ఆరడుగుల దూరం. మరి ఉప్పు అక్కణ్ణించి నడుచుకుంటూ వచ్చిందా?

శుక్రవారం లోపల కారణం తెలియాలి. లేకపోతే "ఉప్పు ఎలా వచ్చిందో తెలియలేదు" అని రాస్తారు. అప్పుడు హెడ్మాస్టారు తనకి నచ్చింది చదువుకుంటారు.

నీ మేనకోడలు

తా.క.: గ్లాసు ఎంత పెద్దదో కొలిచి రాయి. నిజం రాయి.

~

చిరంజీవి చింతాకుకి,

మామయ్య దీవించి రాసేది.

ఇసుక మంచిదే అన్న ముక్క వందసార్లు చదువుకున్నాను. ఆ పూట నా మనుషుల్ని అనుమానించినందుకు చెంపలు వేసుకున్నాను.

ఇక కారణం అంటావా. చాలా ఉండొచ్చు. వీధికుక్క ఒకటి ఆ పిల్లరు దగ్గర కాలెత్తుతుంది. దాని తిండిలో ఉప్పెక్కువేమో. హెడ్మాస్టారి భార్య పైనుంచి బట్టలు పిండుతుంది, ఆ సబ్బులో ఏముందో ఎవరికి తెలుసు? పిల్లి కూడా ఒకటి తిరుగుతోంది. దాని మొహం చూస్తేనే నమ్మబుద్ధి కాదు. ఇవన్నీ మీ సారుకి చెప్పు. గ్లాసు మాత్రం చిన్నదే. మరీ చిన్నది కాదు. లీటరులో సగం ఉంటుంది.

నా మీద అనుమానం పెట్టుకోకు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఇంత పొడుగు ఎందుకు రాస్తున్నానా అనుకోకు. ఊరికే రాస్తున్నాను.

ఇట్లు,
నీ మామయ్య

తా.క.: నాకు తెలిసిన మేస్త్రి ఒకడున్నాడు. నీకు తెలియదులే. డాక్టరు ఉప్పునీళ్ళు పుక్కిలించమంటే వాడికి మొదటిరోజే వాంతయింది. మళ్ళీ నోట్లో పోసుకోలేకపోయాడు. మానేస్తానంటే వాళ్ళావిడ ఊరుకోదు, వంటింటి కిటికీలోంచి చూస్తుంటుంది. తూము కిటికీకి ఎదురుగా ఉంది. అందుకని వాడు రోజూ పిల్లరు చాటుకి వెళ్ళి, నోట్లో ఉత్తగాలి పెట్టి గులగులలాడించి, గ్లాసంతా పిల్లరు మొదట్లో పారబోసేవాడు. ముప్పై ఏళ్ళు. అలాంటివాడి పిల్లరుకి ఏమైనా అవుతుందా? ఊరికే అడుగుతున్నాను.

~

పూజ్యులైన మామయ్యకి,

నమస్కారం.

నీకు తెలిసిన ఆ మేస్త్రికి చెప్పు. మూడు చెంచాల లెక్కన, రోజుకొక గ్లాసు చొప్పున, ముప్పై ఏళ్ళకి నూట అరవై కిలోల ఉప్పు. మూడు బస్తాలకి పైమాటే. ఆ మూడు బస్తాలూ వాడు తన చేతుల్తో కట్టిన పిల్లరుకే తినిపించాడు. సముద్రం కూడా అంత శ్రద్ధగా చెయ్యదు.

నవ్వొస్తోంది, భయం కూడా వేస్తోంది. పెద్దసారుకి చెబితే, నోటిమాట చాలదు, ఆ ఇంట్లో ఉండే మనిషి ఏం పోశాడో, ఎక్కడ పోశాడో, ఎన్నేళ్ళు పోశాడో రాసి సంతకం పెట్టాలన్నారు. అది రిపోర్టుకి జతచేస్తారు. ఆదివారం మీటింగులో అందరి ముందూ చదువుతారు. అత్తయ్య కూడా వింటుంది.

రాస్తే బిల్డింగు నిలబడుతుంది. ఒక్క పిల్లరు బాగుచేసుకుంటే చాలు. నీ రాయి కూడా నిలబడుతుంది. రాయకపోతే అత్తయ్య దగ్గర నీ మాట నిలబడుతుంది. ఏది కావాలో నువ్వే తేల్చుకో. నేను చెప్పను. నాకు నువ్వూ కావాలి, అత్తయ్యా కావాలి.

నీ మేనకోడలు

తా.క.: పెద్దసారు ఆ మేస్త్రిని కలవాలంటున్నారు. ఒక్కరోజు కూడా మానకుండా ముప్పై ఏళ్ళు పరీక్ష నడిపిన మనిషి మా ల్యాబులోనే లేడట.

~

చిరంజీవి చింతాకుకి,

మామయ్య దీవించి రాసేది.

అయిపోయింది. సంతకం పెట్టాను. ఆదివారం మీటింగులో మీ సారు ఆ కాగితం చదవడం ఇంకా మొదలుపెట్టనేలేదు, నేనే లేచి నిలబడ్డాను. "అయ్యా, నేను ఉప్పిసుక కలపలేదు. ఉప్పునీళ్ళు పారబోశాను. ముప్పై ఏళ్ళుగా మా ఆవిణ్ణి మోసం చేశాను. నన్ను పిచ్చివాడనుకోండి, అబద్ధాలకోరు అనుకోండి. దొంగ అని మాత్రం అనకండి" అన్నాను. మామూలుగానే చెప్పాను. వీధి చివర కొట్టువాడు కూడా వచ్చి ఏమైందని అడిగాడు.

 ముందు హెడ్మాస్టారు నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ నవ్వాడు. అందరూ నవ్వారు. నాకు సిగ్గుతో ప్రాణం పోయింది, అదే సమయంలో ఎక్కడో తేలిగ్గా కూడా ఉంది. చివరికి ఆయనే లేచొచ్చి నా చెయ్యి పట్టుకుని, "మేస్త్రీ, రాయి జోలికి ఎవడొస్తాడో చూస్తాను. ఆ ఉండ మాత్రం మళ్ళీ ఇప్పించు" అన్నాడు. వచ్చే వారం పిల్లరు పని. పాడైన కాంక్రీటంతా చెక్కేసి, ఊచల తుప్పు గీకి, పైన ఏటి ఇసుకతో కొత్త కాంక్రీటు పొయ్యాలి. దగ్గరుండి నేనే చేయిస్తాను. ఈసారి ఎవరు పుట్టినా కదలను.

కానీ అమ్మాయీ, మీ అత్తయ్య! మీటింగులో ఒక్క ముక్క మాట్లాడలేదు. తల దించుకుని ఇంటికొచ్చింది, అన్నం పెట్టింది. ఇవాళ్టికి మూడో రోజు. తిట్టడం లేదు, అలగడం లేదు, నా మొహంలోకి చూడటం లేదు. నలభై నాలుగేళ్ళ కాపురంలో ఇంత భయం ఎప్పుడూ వెయ్యలేదు. పొద్దున్న గ్లాసు కూడా ఇవ్వలేదు. ఆవిడ మనసు విరిగిపోయింది. నువ్వే ఒక ఉత్తరం రాసి సర్ది చెప్పాలి. నీ మాటంటే వింటుంది.

ఇట్లు,
రాయి దక్కించుకుని ఇల్లు పోగొట్టుకున్న
నీ మామయ్య

తా.క.: ఈ ఉత్తరం కూడా ఆవిడ చేతికే ఇస్తున్నాను. కవరు రెండుసార్లు అంటించాను.

మరో తా.క.: అమ్మాయీ, అత్తయ్యని. ఆయన ఎన్నిసార్లు అంటించినా ఆవిరికి పట్టుకుంటే ఊడిపోతుంది. మీ ఇద్దరి ఉత్తరాలూ మొదటినుంచీ చదువుతూనే ఉన్నాను. ఆయన పారబోస్తున్నారని నాకు మొదటివారంలోనే తెలుసు. పిల్లరు వెడల్పు తొమ్మిదంగుళాలు, మీ మామయ్య వెడల్పు పద్దెనిమిది. చాటెక్కడుంది? పైగా ఉత్తగాలి గులగుల నాకు తెలియదా?

తెలిసీ ఎందుకు ఉప్పు వేసిచ్చానంటావా? చాటుగా చేసే పని కదా, ఆ గ్లాసు పట్టుకుని పిల్లరు వెనక ఉన్నంతసేపూ మనిషి నోరు మెదిపేవారు కాదు. ఆ గొంతుతో కాపురం చేస్తే నీకు తెలుస్తుంది. రోజు మొత్తం మీద నాకు దొరికే ప్రశాంతత అదొక్కటే. ఒక చెంచా వేస్తే ఇట్టే కరిగిపోయి రెండు నిమిషాల్లో వచ్చేసేవారు. మూడు వేస్తే కరిగించుకోవడానికి ఐదు నిమిషాలు పట్టేది. ఆ మిగతా రెండు చెంచాల పాపం నాది. అందుకే మీటింగులో తలెత్తలేకపోయాను. ఆయనేమో నేను మనసు విరిగి మాట్లాడటం లేదనుకుని భయపడుతున్నారు, భయంతో మూడు రోజులుగా మెల్లగా మాట్లాడుతున్నారు. ఇంకో రెండు రోజులు ఉండనిచ్చి, తర్వాత చెప్పేస్తాను.

నువ్వు మాత్రం మీ పెద్దసారుని ఒక్కమాట అడిగి వెంటనే రాయి. పటికబెల్లం ఇనుముని ఏమైనా చేస్తుందా? అదైతే కరగడానికి పది నిమిషాలు పడుతుంది.